దాచుకున్న ఒక్క సీఎల్

ఒక మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఉండగలదా అని సర్కారు నీలను అడిగింది.

మర్యాదగానే అడిగింది. శనివారం ఇంటర్వెల్ గంట కొట్టాక మండలాఫీసు అటెండరు సైకిలు బడిగోడకు ఆనించి, చెమట తుడుచుకుని, రెండు పేజీల మెమో చేతికిచ్చి సంతకం తీసుకుని పోయాడు. నీల వేళ్లకు సుద్ద అంటి ఉంది. కాగితం మాసిపోతుందేమోనని కొంగుతో పట్టుకుని చదివింది. పదమూడేళ్ల నౌకరీలో సర్కారు కాగితమంటే ఆమెకు అంత భయభక్తులు. చదివాక భక్తి సగం పోయింది, భయం మాత్రం రెండింతలైంది.

సంగతి ఇది. వచ్చే వారం స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్లు ఇస్తున్నారు. సిరిసిల్లలో ఒక హైస్కూల్లో సోషల్ పోస్టు ఖాళీ ఉంది. లిస్టులో నీల పేరు పైన, ఐలయ్య అనే టీచరు పేరు దాని కింద ఉన్నాయి. నీల బి.ఏ. డిగ్రీ ప్రమోషనుకు చెల్లదని ఐలయ్య ట్రిబ్యునల్లో కేసు వేశాడు. నాలుగేళ్ల కిందటి నవంబరు పదకొండున కోరుట్ల సెంటర్లో నీల హిస్టరీ పేపరు రాసినట్టు యూనివర్సిటీ చెబుతోంది. అదే నవంబరు పదకొండున నీల బడిలో హాజరైనట్టు రిజిస్టరు చెబుతోంది. సెలవు చీటీ లేదు. బడిలో ఉన్నది నీల అయితే పరీక్ష రాసింది ఎవరు? విచారించి చెప్పమని ట్రిబ్యునల్ అంది. మంగళవారం విచారణాధికారి వస్తాడు, ఉన్నది ఉన్నట్టు రాసివ్వాలి.

రుద్రంగి దాటి, వాగవతల ఉన్న ఊరది. రెండు గదుల బడి, నలభై ముగ్గురు పిల్లలు, నీల కాక ఒక్క హెడ్మాస్టరు. ఆ హెడ్మాస్టరు హబీబుద్దీన్ సారు మెమో తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివాడు. లేచి బీరువా తెరిచి, అడుగు నుంచి పాత హాజరు రిజిస్టరు తీసి, బయటికి తెచ్చి దుమ్ము దులిపి, నవంబరు నెల తెరిచాడు. పదకొండో గడిలో వేలు పెట్టి నీల వైపు తిప్పాడు.

నీల రోజూ తన పేరులో మొదటి అక్షరమే సంతకంగా పెడుతుంది. నెలంతా వరుసగా ఆమె అక్షరాలే. పదకొండో గడిలోనూ అదే అక్షరం, కానీ కుడి వైపుకు ఒరిగి ఉంది. ఉర్దూలో చదువుకున్న చేయి తెలుగు రాస్తే అట్లాగే ఉంటుంది. నీల చూసింది, సారు చూశాడు. సారు రిజిస్టరు మూసి మళ్లీ బీరువా అడుగునే పెట్టి తాళం వేశాడు.

ఆ రోజు సంగతి ఊళ్లో మేకలకు కూడా తెలుసు. ఎక్కడో ఎన్‌కౌంటరైతే అడవిలోని అన్నలు బంద్‌కు పిలుపిచ్చారు. బస్సుల్లేవు, పల్లెల్లో ఒక్క బడీ తెరుచుకోలేదు. నీలకు అప్పుడు పరీక్షలు. మూడు పేపర్లకు సెలవు కింద మూడు సీఎల్‌లు పెట్టింది. నాలుగోది బంద్ నాడు పడింది. బడే లేని నాడు సీఎల్ దండగ ఎందుకని దాచుకుంది. పిసినారితనం కాదు, నౌకరీ చేసే ఏ ఆడదైనా అంతే. పిల్లకు జ్వరమొస్తే ఒకటుండాలి కదా. ముందు రోజు సాయంత్రమే ఆఖరి బస్సుకు కోరుట్ల పోయి సారు చెల్లెలింట్లో పడుకుని, పొద్దున పోలీసు పహరాలో పరీక్ష రాసింది. మర్నాడు కొత్తగా పడ్డ క్యాంపు నుంచి పోలీసులు ఊరూరా తిరిగి బడి రిజిస్టర్లు అడిగారు, ఎవరెవరు అన్నల మాట విన్నారో చూడటానికి. పక్క ఊళ్లో ఏసయ్య టీచరు అమాయకుడు, ‘బంద్ వల్ల బడి మూసినాము’ అని ఉన్నమాట రాశాడు. మూడు రోజులు లోపలుంచారు. ఏసయ్య ఇప్పటికీ కుర్చీలో కూర్చునే పాఠం చెబుతాడు, నిలబడలేడు. ఆ కబురు తెలిసి హబీబుద్దీన్ సారు పోలీసుల జీపు వాగు దాటేలోపు పిల్లలందరికీ, తనకూ, అప్పటికింకా తిరిగిరాని నీలకూ హాజరు వేసేశాడు. మండలాలన్నీ అదే పని చేశాయి. ఆ మాటకొస్తే ఐలయ్య కూడా ఆ రోజు మల్యాలలో తన ఇంట్లో పడుకుని బడిలో హాజరయ్యాడు. ఏం చెప్పాలి ఇట్లాంటి వాళ్లకు? దొంగే దొంగ అని అరిచినట్టు!

మధ్యాహ్నం బడి వదిలాక సారు ఆమెను బస్సు దాకా సాగనంపాడు. ఎప్పుడూ రాడు. దారిలో తన రిటైర్మెంటు గురించి మాట్లాడాడు, ఇంకా రెండు నెలలేనని, పింఛను కాగితాలు పైకి పోయినయని. బస్సు కనిపించాక మాత్రం, “నేనేం రాసియ్యాల్నో చెప్పు బేటా, గట్లనే రాస్త,” అన్నాడు. నీల బస్సెక్కింది.

సిరిసిల్లలో ఆదివారం కూడా సాంచాల, అంటే మరమగ్గాల, మోత ఆగదు. నీల భర్త మల్లేశం ఒక సేటు కార్ఖానాలో నాలుగు సాంచాలు నడుపుతాడు. ఇంట్లో మాట్లాడదామంటే అత్త లసుమవ్వ ఉంటుంది, విని గుండెలు బాదుకుంటుంది. అందుకని నీల అన్నం గిన్నె పట్టుకుని కార్ఖానాకే పోయింది. మల్లేశం ఒక కన్ను బట్ట మీద, ఒక చెవి పెళ్లాం మాట మీద పెట్టి అంతా విన్నాడు. మధ్యలో మూడో సాంచాలో పోగు తెగింది. ఆపి, వంగి, తెగిన కొసను వెతికి పట్టి, ఉమ్మితో తడి చేసి, కొత్త కొసతో కలిపి మెలిపెట్టి, మళ్లీ నడిపాడు. బట్టలో అతుకు ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ కనిపించదు.

మల్లేశం చెప్పింది న్యాయంగానే ఉంది. సారు రెండు నెలల్లో ఎట్లాగూ పోతాడు. నీలకు ఇంకా ఇరవై ఏళ్ల నౌకరీ ఉంది. వారానికి ఆరు రోజులు ఆ వాగవతల కిరాయి గదిలో, ఒక రాత్రి పోలీసులు, ఒక రాత్రి అన్నలు తలుపు కొడుతుంటే ఎన్నాళ్లుంటుంది? పిల్ల తల్లిని ఆదివారాలే చూస్తోంది. పైగా ఆ చదువు ఊరికే వచ్చిందా? గుడ్డి దీపం ముందు కూర్చుని చదువుతుంటే తానే ఎన్నిసార్లు కసురుకున్నాడు?

“సారును అడుగు,” అన్నాడు. “నువ్వు అడగకుంటె నేనొచ్చి అడుగుత.”

“ఆయన రాస్తనన్నడు. గదే నా బాధ,” అంది నీల.

మల్లేశానికి అది అర్థం కాలేదు. రాస్తానన్న మనిషిని అడగడానికి బాధేంటి? సాంచా మోతలో సరిగా వినపడలేదేమో అనుకున్నాడు.

సోమవారం నీల జగిత్యాల పోయింది. ఈసారి సీఎల్ చీటీ పెట్టే పోయింది. కోరుట్ల దాటాక బస్సు ఆపి పోలీసులు అందరినీ దింపి సంచులు చూశారు. నీల సంచిలో హాల్‌టికెట్టు, నాలుగు మార్కుల మెమోలు, డిగ్రీ పట్టా ఉన్నాయి. పోలీసాయన పట్టాను ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, “అసలుదేనా?” అని నవ్వుతూ ఇచ్చేశాడు. ఆయన పరాచికానికే అన్నాడు. నీల మాత్రం నవ్వకుండా పట్టాను సంచి అడుగున దాచుకుంది.

వకీలు గంగారాం ఆఫీసు కోర్టు వెనక సందులో ఉంటుంది. హైదరాబాదులో ట్రిబ్యునల్ కేసులు చూసే పెద్ద వకీలుకు ఇక్కడి కాగితాలు తయారుచేసి పంపేది ఆయనే. నీల చెప్పిందంతా విని ఆయన ఆశ్చర్యపోలేదు. బంద్ నాడు తాము కూడా కోర్టుకు పోలేదని, కాని ఆ నాటి వాయిదాలన్నీ ‘ఇరుపక్షాలూ హాజరు’ అనే ఉన్నాయని చెప్పాడు. జిల్లా మొత్తానికి తెలిసినా కాగితానికి తెలియదు, ఏం చేస్తాం, శంఖంలో పోస్తేనే తీర్థం అన్నాడు. హాల్‌టికెట్టు మీద ఇన్విజిలేటరు సంతకం ఉంది కదా అని నీల అడిగింది. ఉంది, కానీ రిజిస్టరు మీద మీ సంతకం కూడా ఉంది కదమ్మా అన్నాడాయన. అది తన చెయ్యి కాదని నీల అనబోయింది. నోటి దాకా వచ్చింది. మరి ఎవరి చెయ్యి అని ఆయన అడుగుతాడు కాబట్టి మింగేసింది.

మింగినా వకీలుకు తెలిసిపోయింది. ఆ వృత్తే అంత. గుండుసూదుల డబ్బా మూత తీసి పెడుతూ చెప్పాడు:

“రెండే తొవ్వలు టీచరమ్మా. ఆ దినం బడి మూసి ఉండెనని మీ హెడ్మాష్టరు రాసియ్యాలె. రాస్తె మీ డిగ్రీ నిలవడతది, దొంగ హాజరేసిండని ఆయన పింఛను ఆగుతది. రాయకుంటె ఆయన నిలవడతడు, మీరు పడతరు.”

“మూడో తొవ్వ లేదా సార్?”

“ఉంటె నేనే చూపియ్యకపోదునా?”

వచ్చేటప్పుడు కోరుట్లలో బస్సు మారాలి. గంట టైముంది. కాళ్లు వాటంతటవే సయీదా బేగం ఇంటికి పోయాయి. హబీబుద్దీన్ సారు చెల్లెలు ఆమె. మొగుడు పోయి పదేళ్లు, బీడీలు చేసుకుని బతుకుతోంది. సారు భార్య కూడా లేదు. రిటైరయ్యాక అన్న వచ్చి తన దగ్గరే ఉంటాడని, వెనక గదికి సున్నం కూడా వేయించానని చూపించింది. గదిలో కొత్త సున్నం వాసన వస్తోంది. గోడకు పుస్తకాల కోసం చెక్క కొట్టించింది.

నీల గడపలో కూర్చుని, ఆమె కత్తిరించిన తునికాకులను కట్టలుగా పేరుస్తూ సంగతి చెప్పింది. సయీదా చేతులు ఆగలేదు. ఆకు చుట్టడం, పొగాకు నింపడం, దారం బిగించడం అట్లా సాగుతూనే ఉన్నాయి. వింటున్నకొద్దీ ఆమెకు కోపమొచ్చింది.

“ఎవడు గాడు? నువ్వు ఆ దినం మా ఇంట్లనే లేచినవ్. గీ చేతులతోటి సేమ్యా చేసి పెట్టిన. సగం తిని, భయమైతుంది ఆపా అని లేచినవ్. నేనొస్త ట్రిబ్యునల్‌కు. కురాన్ మీద చెయ్యి పెట్టి చెప్త.”

నీల కళ్లు నిండాయి. నాలుగేళ్లలో ఆ పరీక్ష నువ్వు రాశావు అని నోరు తెరిచి చెప్పిన మనిషి ఈమె ఒక్కతే. కాని కృతజ్ఞత చెప్పుకునేలోపే సయీదా చేతిలో దారం ఆగింది. సగం చుట్టిన బీడీ ఒళ్లోని చాటలో పడింది.

“గట్ల చెప్తె... భాయిజాన్ రాసింది అబద్ధమయితది గద?” అంది మెల్లగా.

నీల తల ఊపింది. సయీదా కాసేపు నీలను, కాసేపు సున్నం వేసిన గదిని చూసింది. తర్వాత పడిన బీడీ తీసుకుని, మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టింది. రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. లేచేటప్పుడు మాత్రం నీల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ పట్టుకున్న తీరులోనే అడగాల్సింది అడిగేసింది పాపం.

బస్సులో రుద్రంగి దాకా నీల లెక్కలు వేసుకుంటూనే ఉంది. సారును అడగకుండా ఉంటే చాలదు. సారు తనంతట తానే రాస్తాడు, అంత మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఆయన రాసినా చెల్లకుండా తానే ముందు రాసివ్వాలి. దిగేసరికి తెగించింది. తెగించాక భయం తగ్గింది గాని దుఃఖం తగ్గలేదు. హిస్టరీ పేపరులో తనకు అరవై నాలుగు మార్కులొచ్చాయి. ఆ అరవై నాలుగూ తనవి కావని తన చేత్తో తానే రాయాలి.

మంగళవారం పదకొండు గంటల బస్సుకు విచారణాధికారి మొగిలయ్య దిగాడు. జగిత్యాల వైపు మండలంలో విద్యాధికారి, చెడ్డవాడు కాదు. మళ్లీ మూడున్నరకు బస్సు, అది పోతే పొద్దటి దాకా వాగవతల చిక్కుకోవాలి. క్యాంపు పడ్డప్పటి నుంచి చీకటి పడ్డాక ఆ తోవలో బస్సు నడవదు. అందుకని దిగీ దిగగానే వాచీ చూసుకున్నాడు. ముందు నీలను పిలిచి, రెండో గదిలో పిల్లల్ని బయటికి పంపించి, తెల్లకాగితం ముందు పెట్టాడు.

నీల పెన్ను సిరా సరిచూసుకుని రాసింది. ఐదు వాక్యాలే. నవంబరు పదకొండున నేను బడికి హాజరైతిని. రిజిస్టరులో ఉన్న సంతకం నాదే. ఆ తేదీ పరీక్ష గురించి నేను చెప్పుకునేది ఏమీ లేదు. నా బి.ఏ. డిగ్రీని ప్రమోషనుకు లెక్కలోకి తీసుకోవద్దని మనవి. ఇది ఎవరి బలవంతమూ లేకుండా రాసినది. పిల్లలకు కాపీ పెట్టే అక్షరాలు అవి, గుండ్రంగా ఉన్నాయి.

మొగిలయ్య చదివి, రిజిస్టరు తెప్పించి, పదకొండో గడి చూశాడు. పదో గడి చూశాడు, పన్నెండో గడి చూశాడు. మళ్లీ కాగితం మీద రాత చూశాడు. కళ్లున్నవాడు, ఆయనకు తెలిసిపోయింది. పొమ్మన్నట్టు తలాడించాడు.

తర్వాత హబీబుద్దీన్ సారు లోపలికి పోయాడు. నీల వరండాలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తోంది. సారు కాగితం అడగలేదు, పెన్ను అడగలేదు, జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. కిటికీలోంచి నీల అది చూసింది. ఎక్కం తప్పింది. పిల్లలు తప్పే అప్పజెప్పారు.

రెండు గంటలకు మొగిలయ్య ఇద్దరినీ పిలిచి రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. సారు రాత్రంతా కూర్చుని రాసినట్టున్నాడు, కొట్టివేతల్లేవు. బంద్ కారణంగా ఆ రోజు బడి తెరవలేదనీ, నీల టీచరు కోరుట్లలో పరీక్షకు పోయిందనీ, తానే ఆమెకు చెప్పకుండా ఆమె సంతకం పెట్టాననీ, తప్పంతా తనదేననీ ఉంది.

“నేను మీ ఇద్దరికి ఏం చెయ్యాలె సార్?” అన్నాడు మొగిలయ్య. “ఈమె హాజరున్న అంటది, మీరు లేదంటరు. గీ రెండు కాయితాలు కలిసి పైకి పోతె ఈమె ఎంక్వైరీల అబద్ధం చెప్పినట్టు, మీరు రికార్డు దిద్దినట్టు. ఇద్దరు పోతరు. ఒకటి చింపుతె ఒకలన్న మిగుల్తరు. నేనేం చూడలేదనుకుంట. ఏది చింపాల్నో చెప్పుండ్రి.”

ఆయన వరండాలోకి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. అంతకంటే ఎక్కువ ఏ అధికారి చేస్తాడు?

నీల సారు కాగితం చింపమంది. సారు నీల కాగితం చింపమన్నాడు. సున్నం వేసిన గది సంగతి నీల ఎత్తింది. ఆదివారాలే తల్లిని చూసే పిల్ల సంగతి సారు ఎత్తాడు. నా చదువు నాది, వద్దనుకునే హక్కు నాకుందని నీల గొంతు పెంచింది. పదమూడేళ్లలో సారు ముందు గొంతు పెంచడం అదే మొదలు. సారు కోప్పడలేదు.

“ముప్పై ఆరేండ్లు చదువు చెప్పిన బేటా,” అన్నాడు. “ఒక్క మనిషి చదువు నా చెయ్యి వల్ల దొంగది కావద్దు.”

నీల ఏడ్చింది. ఏడుస్తూ కూడా తన కాగితం మీద అరచెయ్యి బోర్లించి పెట్టుకునే ఉంది. సారు తన కాగితం మీద రూళ్లకర్ర పెట్టాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇద్దరూ చించుకున్నారు, ఎవరి కాళ్ల మీద ఎవరిది పడిందో తెలియదు.

వాగు అవతల బస్సు హారన్ వినిపించింది. మొగిలయ్య లోపలికొచ్చి ఇద్దరి మొహాలూ చూశాడు, రెండు కాగితాలూ చూశాడు. ఏ చెయ్యీ లేవలేదు. నిట్టూర్చి, రూళ్లకర్ర పక్కన పెట్టి ఒకటి, నీల చెయ్యి కింది నుంచి ఒకటి లాగి ఫైల్లో పెట్టుకున్నాడు. నన్ను తిట్టుకోకుండ్రి అని మెల్లగా చెప్పి బస్సు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

బస్సు పోయేటప్పుడు డ్రైవరు కిటికీలోంచి సారుకు కేకేసి చెప్పాడు, రేపు బందట, బస్సు రాదు అని.

పిల్లల్ని పంపించేశారు. పొద్దు ఇంకా ఉంది. నీల మొహం కడుక్కుని వచ్చి, కుర్చీ లాక్కుని, నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాయసాగింది. ఏమిటని సారు అడిగితే సీఎల్ చీటీ అంది. బంద్ నాడు ఎవరైనా సీఎల్ పెడతారా అని ఆయన అడగలేదు.

“కారణమేం రాయాలె సార్?”

“సొంత పని అని రాయి,” అన్నాడు సారు.

రాసింది. సారు మంజూరు చేసి సంతకం పెట్టాడు. కొత్త రిజిస్టరు తెరిచి, రేపటి తేదీ కింద నీల గడిలో, కుడికి ఒరిగిన తన అక్షరాలతో ‘సీఎల్’ అని ఇప్పుడే రాసేశాడు. నాలుగేళ్ల కింద దాచుకున్నది నీల ఆ సాయంత్రం ఖర్చు పెట్టింది. సారు తన గడి మాత్రం ఖాళీగా వదిలి పెన్ను మూత పెట్టాడు.

“మీకు సార్?”

“నేనొస్త. తాళం తీసి, తలుపు దగ్గరికేసుకుని లోపల కూసుంట. పుస్తకంల హాజరని రాయాలంటె రావాలె గద బేటా.”

అన్నలు చూస్తే ఏమంటారో, పోలీసులు చూస్తే ఏమంటారో నీల అడగలేదు. సారుకు తెలియనిదా? రెండు గదుల బడిలో, తలుపు దగ్గరికేసుకుని, రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి ఒక్కడు కూర్చుని ఉండటం ఆమె కళ్ల ముందు కనబడింది. సంచి భుజానికేసుకుని గడప దాకా పోయి ఆగింది.

“పొద్దుగాల ఎన్నింటికి వస్తరు సార్?”

“తొమ్మిదిన్నరకు. ఎందుకు?”

“నేను గూడ వస్త.”

సారు రిజిస్టరు వైపు చూశాడు. సిరా ఇంకా ఆరలేదు.

“సీఎల్ పడ్డది గద బేటా. కొట్టేస్తె మళ్లొక ఎంక్వైరీ.”

“సీఎల్ గట్లనే ఉండనియ్యుండ్రి,” అంది నీల.